బాయి దాటి పని వెతికే ముందు: పేరు, పని, కాగితం

గోదావరిఖనిలో ఒక తరం కింద ఉద్యోగం వెతకడమనే మాట పెద్దగా వినిపించేది కాదు. తండ్రి బాయి దిగడం మానేస్తే కొడుకు దిగేవాడు. ముత్తాత ఇల్లందులో, తాత కొత్తగూడెంలో, తండ్రి రామగుండంలో పనిచేసిన కుటుంబాలు మన మొహల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. "అబ్బా దిగిపోతే నేను ఎక్కుతాను" అని పదో తరగతిలోనే చదువు వదిలేసిన పిల్లలను మేము ఎందరినో చూశాం. వాళ్లను తప్పు పట్టలేం. చుట్టూ కనిపించిన దారి అదొక్కటే.

1990ల ఆరంభంలో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు దాదాపు 40 వేల మంది మాత్రమే ఉన్నారు. బొగ్గు తగ్గి కాదు, ఆనాటికంటే ఎక్కువే తీస్తున్నారు. తట్టా, చెమ్మస్ పట్టుకుని బొగ్గు నింపే ఫిల్లర్ స్థానంలోకి ఎస్‌డీఎల్ యంత్రం వచ్చింది. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడుతుంటే ఓపెన్‌కాస్టులు విస్తరించాయి. ఓపెన్‌కాస్టులో మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టు కంపెనీల చేతికి పోయింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత మిగిలింది కారుణ్య నియామకాల దారి. కార్మికుడు మరణిస్తేనో, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తేనో ఇంట్లో ఒకరికి అవకాశం వస్తుంది. దానికి వయోపరిమితిని 35 ఏళ్ల నుంచి 40కి పెంచినా, తండ్రి ఆరోగ్యం చెడిపోవాలని ఎదురుచూస్తూ కొడుకు యవ్వనం గడిపే పరిస్థితి మాత్రం మారలేదు. ఇది చెప్పుకోవడానికి బాగుండదు గానీ, కోల్‌బెల్టులో ఎన్నో ఇళ్లలో జరుగుతున్నది ఇదే.

మన పట్టణం ఇలాంటి దెబ్బ ఒకసారి తిన్నది. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం బొగ్గును గ్యాస్‌గా మార్చి యూరియా తయారు చేసేది. 1999లో అది ఆగిపోయింది. తర్వాత ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ తీసుకుని క్వార్టర్లు ఖాళీ చేశారు. అదే స్థలంలో ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో కొత్త కర్మాగారం వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది 2021 మార్చిలో. మూతపడిన నాడు 40 ఏళ్లున్న మనిషికి తెరుచుకున్న నాటికి 60 దాటాయి. పైగా కొత్తది సహజవాయువుతో నడిచేది. ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారని ఎదురుచూసిన ఆ మధ్య కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఈ వారం మేము రాస్తున్నది బాయి పని చేస్తూ, లేదా ఓబీ కంపెనీలో బండి నడుపుతూ, వేరే పనిలోకి మారాలనుకునే వారి కోసం. వారసత్వంగా వచ్చే ఉద్యోగానికి తండ్రి పేరు చాలింది. బయటి ఉద్యోగానికి నీ పేరు, నీ పని, ఆ రెండింటినీ రుజువు చేసే కాగితం కావాలి. మన వాళ్లు వెనకబడేది పనిలో కాదు, ఈ కాగితంలోనే.

ఒక మనిషికి ఎన్ని పేర్లు?

సింగరేణిలో 'మారుపేర్ల' సమస్య అందరికీ తెలిసిందే. వెనకటి రోజుల్లో ఒకరి పేరున వచ్చిన పనిలో మరొకరు చేరారు. ఇంట్లో ఒక పేరు, మస్టర్‌లో మరో పేరు. ముప్పై ఏళ్లు చెమటోడ్చిన తండ్రి కంపెనీ రికార్డులో ఒకడు, కొడుకు పదో తరగతి మెమోలో తండ్రి పేరు దగ్గర ఉన్నవాడు ఇంకొకడు. కారుణ్య నియామకం దగ్గరికి వచ్చేసరికి ఫైలు అక్కడే ఆగిపోతుంది. కార్మిక సంఘాలు ఏళ్లుగా అడుగుతున్న డిమాండ్లలో ఇదొకటి.

మన ఇళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. మారుపేరు లేకపోయినా పేరు నాలుగు తీర్లుగా ఉంటుంది. బడిలో మాస్టారు 'ఎండీ. ఖాదర్' అని రాసుకున్నారు. రేషన్ కార్డులో 'మహమ్మద్ ఖాదర్'. ఆధార్‌లో 'మొహమ్మద్ అబ్దుల్ ఖాదర్'. మస్టర్‌లో 'ఖాదర్ బాబా'. షేక్ అన్న ఒక్క మాటకే ఇంగ్లీషులో నాలుగైదు స్పెల్లింగులు తిరుగుతున్నాయి. ఇంటి పేరు ఏది, సొంత పేరు ఏది అని పాస్‌పోర్టు దరఖాస్తు అడిగినప్పుడు నెట్ సెంటర్ అబ్బాయి తనకు తోచినట్టు నింపేస్తాడు. ఇవన్నీ ఒకే మనిషివని మనకు తెలుసు. హైదరాబాద్‌లోనో దమ్మామ్‌లోనో కూర్చున్న ఉద్యోగికి తెలియదు.

కాబట్టి పని మారాలన్న ఆలోచన వచ్చిన నెలలోనే ఈ పని మొదలుపెట్టాలి. పదో తరగతి మెమో ఉన్నవారు దాన్నే మూలంగా పెట్టుకోవాలి. మిగతా కాగితాలన్నీ దానికి సరిపోయేలా సరిచేయించుకోవాలి. దీనికి విరుద్ధంగా, ఆధార్‌లో ఉన్నట్టు మెమోను మార్చుకోబోతే బడి, బోర్డు, గెజిట్ అంటూ తిరగాల్సి వస్తుంది. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒకసారి మాత్రమే మార్చనిస్తారు. ఆ అవకాశాన్ని తొందరపడి వాడుకుంటే తర్వాత అసలు అవసరం వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. మెమో లేనివారు జనన ధ్రువీకరణ పత్రాన్ని మూలంగా పెట్టుకోవాలి. సింగరేణి కార్మికులైతే గనిలో ఫారం-బి రిజిస్టర్‌లో తమ పేరు, తండ్రి పేరు, నామినీ పేరు ఎలా ఉన్నాయో ఒకసారి స్వయంగా చూసుకోవాలి. సర్వీసులో ఉండగా దిద్దించుకోవడానికి తిరిగే తిరుగుడు, దిగిపోయాక భార్యాపిల్లలు తిరిగే తిరుగుడు ఒకటి కాదు.

ఇదే ఊపులో ఇంకో కాగితం. బీసీ-ఈ కిందికి వచ్చే కుటుంబాల్లో కూడా కులధ్రువీకరణ పత్రం తీసుకోనివారు చాలామంది ఉన్నారు. ప్రభుత్వ నోటిఫికేషన్ పడ్డాక మీసేవ దగ్గర క్యూ కట్టడం కంటే ముందే తీసి పెట్టుకోవడం మేలు.

'బాయిలో పని' అంటే ఏ పని?

బయటి కంపెనీకి వెళ్లిన మనవాడిని "ఏం పని చేశావ్?" అని అడిగితే "సింగరేణిలో సార్, బాయిలో" అంటాడు. అడిగినవాడికి బాయి తెలియదు. ఇతని చేతిలో ఉన్న పని విలువా తెలియదు. గనిలో ప్రతి పనికీ బయట ఒక పేరుంది, ఒక గిరాకీ ఉంది. బెల్టు మీద పనిచేసినవాడు కన్వేయర్ ఆపరేటర్. విద్యుత్ కేంద్రాల బొగ్గు విభాగానికి, సిమెంటు ఫ్యాక్టరీకి, ఓడరేవుకు అతను కావాలి. తెగిన బెల్టును అతికించడం వచ్చినవాడైతే ఇంకా మేలు. పంప్ ఖలాసీ మునిసిపాలిటీ నీటి పథకాలకు, ఎత్తిపోతల పంప్‌హౌస్‌లకు పనికొస్తాడు. కాళేశ్వరంలో నంది మేడారం, లక్ష్మీపూర్ పంప్‌హౌస్‌లు రెండూ భూమి లోపల కట్టినవే, మనకు దగ్గరలోనే ఉన్నాయి. హాలర్ నడిపినవాడికి వించ్ కొత్త కాదు. టింబర్‌మన్‌కు, సపోర్ట్‌మన్‌కు సొరంగం పైకప్పు చూడగానే ఎక్కడ రాయి వదులుగా ఉందో తెలుస్తుంది. ఆ చూపు కాలేజీలో రాదు.

ఇది మేము పొగడ్తకు రాస్తున్నది కాదు. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో 41 మంది కూలీలు చిక్కుకుపోయారు. శిథిలాలను తొలిచే పెద్ద ఆగర్ యంత్రం విరిగిపోయాక చివరి కొన్ని మీటర్లు చేత్తో తవ్వి, నవంబరు 28న వారిని బయటికి తెచ్చింది పన్నెండు మంది 'ర్యాట్ హోల్' కూలీలు. వారిలో ముస్లింలు, హిందువులు ఇద్దరూ ఉన్నారు. మేఘాలయలో ఆ పద్ధతి బొగ్గు తవ్వకాన్ని హరిత ట్రైబ్యునల్ 2014లోనే నిషేధించింది. గనిలో చెల్లని పనితనం బయట చెల్లింది. ఈ పన్నెండు మంది అప్పటికి ఢిల్లీ వైపు నేల కింద పైపులు వేసే కంపెనీలో బతుకుతున్నారు. ఇరుకు గుంటలో చేతి పనిముట్టుతో తవ్వడం వచ్చినవారు దాన్ని పైపుల కంపెనీకి అవసరమైన పనిగా మార్చుకున్నారు. మన దగ్గర 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు కూడా సింగరేణి రెస్క్యూ బృందాలను పిలిపించారు.

అయితే చేతిలో పని ఉండటం ఒకటి, దాన్ని కాగితం మీద పెట్టడం ఇంకొకటి. గనిలో మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్, గ్యాస్ టెస్టింగ్, వైండింగ్ ఇంజన్ డ్రైవర్ సర్టిఫికెట్లు డీజీఎంఎస్ ఇస్తుంది. అర్హత ఉండీ పరీక్ష రాయనివారు ముందు అది రాయాలి. ఇక్కడొక మెలిక గుర్తుంచుకోవాలి. బొగ్గు గనుల సర్టిఫికెట్ సున్నపురాయి, ఇనుప ఖనిజ గనులకు నేరుగా చెల్లదు. వాటికి మైనింగ్ మేట్, ఫోర్‌మన్ సర్టిఫికెట్లు వేరే నియమావళి కింద వేరుగా ఉంటాయి. ఎలక్ట్రీషియన్లు తమ వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ సంగతి రాష్ట్ర విద్యుత్ తనిఖీ శాఖ దగ్గర తేల్చుకోవాలి. డంపర్, డోజర్ ఆపరేటర్లకు హెవీ లైసెన్సు గడువు దాటకుండా ఉండటం మొదటి మెట్టు. ఐటీఐ చదవకుండా పని నేర్చినవారికి 'ముందే నేర్చిన పనికి గుర్తింపు' అనే పథకం ఒకటుంది. ఆర్‌పీఎల్ అంటారు. కొద్ది రోజుల శిక్షణ, పరీక్ష, ఆపైన సర్టిఫికెట్. పెద్ద డిగ్రీ ఏమీ కాదు, కానీ ఖాళీ చేతులతో వెళ్లడం కంటే నయం.

కాంట్రాక్టు పని చేసేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కాంట్రాక్టు పూర్తయిన మర్నాడు ఆ కంపెనీ మిషన్లన్నీ లారీలెక్కించుకుని ఏ ఒడిశాకో పోతుంది. తర్వాత అనుభవ పత్రం ఎవరిని అడుగుతారు? పనిలో ఉండగానే జీతం చీటీలు, వీటీసీ శిక్షణ సర్టిఫికెట్, ప్రావిడెంట్ ఫండ్ నంబరు దాచుకోవాలి. ఏ యంత్రం మీద పనిచేశారో, అది ఎన్ని టన్నులదో రాయించుకున్న ఉత్తరం ఒకటి సంపాదించాలి. 'డ్రైవర్' అని రాసిన పత్రానికీ, '100 టన్నుల డంపర్ ఆపరేటర్' అని రాసిన పత్రానికీ జీతంలో తేడా ఉంటుంది.

అడగడం ఎలా

మన వాళ్లు ఉద్యోగం అడగడానికి సిగ్గుపడతారు. సిఫారసు మాత్రం సిగ్గులేకుండా వెతుకుతారు. ఈ మాట కొంచెం కటువుగా ఉన్నా రాయక తప్పదు. హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం ఈజిప్టు రాజు ముందు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని తానే అడిగారు. అడుగుతూ తాను ఆ పనికి ఎందుకు తగినవాడో కూడా చెప్పారు. కాపాడగలడు, ఆ పని తెలుసు. ఆ రెండే. తన వంశం పేరు చెప్పుకోలేదు.

ఆ తీరులోనే దరఖాస్తు ఒక్క పేజీ దాటకూడదు. పైన పేరు, ఫోన్ నంబరు. కింద మొదటి వాక్యంలోనే పని రావాలి. "భూగర్భ గనిలో 11 ఏళ్లు కన్వేయర్ బెల్టు నడిపాను, బెల్టు అతుకులు, రోలర్లు మార్చడం చేశాను, మూడు షిఫ్టుల్లో పనిచేశాను, నా వల్ల ప్రమాదం జరగలేదు" అని రాస్తే చదివేవాడికి మనిషి కనిపిస్తాడు. "నేను చాలా కష్టజీవిని, పేద కుటుంబం నుంచి వచ్చాను, దయచేసి అవకాశం ఇవ్వండి" అని రాస్తే పక్కన పెట్టేస్తాడు. మన పరిస్థితి నిజమే కావచ్చు, కానీ అతను కొనేది పని. రాయని విషయం ఇంటర్వ్యూలో బయటపడేలా ఉంటే ముందే చెప్పేయాలి. ప్రమాద శిక్ష, సస్పెన్షన్, మస్టర్లు తక్కువ పడటం వంటివి దాచినవాడు దొరికిపోయినప్పుడు పోయేది ఆ ఉద్యోగం ఒక్కటే కాదు, అతని తర్వాత వచ్చే మన పిల్లవాడి మాట కూడా.

ఎన్టీపీసీలో నేరుగా ఉద్యోగం నోటిఫికేషన్ ద్వారానే వస్తుంది. కానీ లోపల మరమ్మతులు, బొగ్గు విభాగం, బూడిద విభాగం పనులు చేసే కాంట్రాక్టు సంస్థలు వేరే ఉంటాయి. 2,600 మెగావాట్ల పాత కేంద్రం పక్కన తెలంగాణ ప్రాజెక్టు రెండు 800 మెగావాట్ల యూనిట్లు 2023, 2024ల్లో జాతికి అంకితమయ్యాయి. యూనిట్‌ను ఓవరాలింగ్‌కు ఆపే సమయంలో ఫిట్టర్లు, రిగ్గర్లు, వెల్డర్ల అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ సంస్థ సైట్ ఇన్‌చార్జిని పొద్దున్నే, పని మొదలు కాకముందు కలవాలి. కాగితాలు జిరాక్సులే ఇవ్వాలి, అసలువి చూపించి వెనక్కి తీసుకోవాలి. పదిహేను రోజుల తర్వాత మళ్లీ ఒకసారి వెళ్లి కనిపించాలి. కేంద్ర ప్రభుత్వ ఎన్‌సీఎస్, రాష్ట్ర ప్రభుత్వ డీట్ వేదికల్లో పేరు నమోదుకు పైసా ఖర్చు లేదు. ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఉంటే ఒక సాయంత్రం పని.

జుమా సంగతి చాలామంది మమ్మల్ని అడుగుతారు. బాయి దిగినవాడు మొదటి షిఫ్టులో మధ్యాహ్నం పైకి రాలేడు. షిఫ్టులు మార్చుకుని సర్దుకున్నవారే మన పెద్దలు. కొత్త యజమానితో ఈ మాట పనిలో చేరాక మొదటి శుక్రవారం నాడు ఎత్తడం మర్యాద కాదు. జీతం, షిఫ్టు మాట్లాడుకునేటప్పుడే అడగాలి. "శుక్రవారం గంట సేపు వెళ్లొస్తాను, ఆ గంట అదనంగా పనిచేస్తాను" అంటే ఒప్పుకునేవారు ఎందరో ఉన్నారు. ఒప్పుకోకపోతే చేరాలా వద్దా అన్నది మీరు ముందే తేల్చుకోవచ్చు.

డబ్బు అడిగేవాడు యజమాని కాదు

2022లో ఆర్‌ఎఫ్‌సీఎల్‌లో కాంట్రాక్టు ఉద్యోగాల పేరుతో దళారులు లక్షలు వసూలు చేసిన వ్యవహారం రామగుండంలో పెద్ద గొడవైంది. డబ్బు కట్టినవారు రోడ్డున పడ్డారు. మెడికల్ అన్‌ఫిట్ చేయిస్తామని తిరిగే దళారుల కథ మరీ పాతది. మేము గమనించిందేమంటే, మోసపోయినవారు అమాయకులేమీ కాదు. దిగిపోయినప్పుడు గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ డబ్బు ఒకేసారి చేతికి వస్తుంది. దళారికి ఆ తేదీ మనకంటే ముందే తెలుస్తుంది. తండ్రి ముప్పై ఐదేళ్ల కష్టం కొడుకు నెలకు పదిహేను వేల జీతం కోసం ఒక సంచిలో వెళ్లిపోతుంది.

గల్ఫ్ వెళ్లాలనుకునేవారికి లెక్క స్పష్టంగా ఉంది. లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుముగా తీసుకోవలసింది గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినవాడు అడిగినంత మాత్రాన దొంగని తెలిసిపోయినట్టే. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా మనుషులను పంపుతుంది. పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం ఉండదు. ఫెయిలై ఆగినవారు ఓపెన్ స్కూల్ ద్వారా ఆ ఒక్క పరీక్ష గట్టెక్కితే చాలా తిప్పలు తప్పుతాయి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని చూసుకుందామన్న మాటను వినకండి.

బాయి కార్మికులకు ఇంకో సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గల్ఫ్ మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ చేస్తారు. దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసిన ఊపిరితిత్తుల మాట చెప్పనక్కరలేదు. ఏజెంటుకు రూపాయి ఇవ్వకముందు, రాజీనామా చేయకముందు, ఇక్కడే ఒక ఎక్స్‌రే, చెవి పరీక్ష, కంటి పరీక్ష సొంత ఖర్చుతో చేయించుకోవాలి. ఆ కొద్దిపాటి ఖర్చు ఎంతో నష్టాన్ని ఆపుతుంది.

ఇక ఇల్లు. ఉన్న పని వదిలేముందు ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి. గిరిగిరి ఫైనాన్సు దగ్గర ఏటీఎం కార్డు తాకట్టు పెట్టినవాడు పని మారలేడు. జీతం వచ్చే ఖాతా అతనిది కాదు, అప్పిచ్చినవాడిది. ముందు ఆ కార్డు విడిపించుకోవాలి. అందుకు ఏడాది పట్టినా సరే, ఆ ఏడాదిలోనే పేర్లు దిద్దించుకోవడం, పరీక్ష రాయడం, మెడికల్ చూపించుకోవడం అన్నీ పూర్తవుతాయి. క్వార్టర్ ఖాళీ చేయాల్సి వస్తే పిల్లల బడి ఏడాది మధ్యలో పడకుండా చూసుకోవాలి. ఈ లెక్కలు భార్యతో కూర్చుని వేయాలి. కిరాణా ఖాతా ఎంతో, గ్యాస్ బండ ఎన్ని రోజులొస్తుందో ఆమెకే తెలుసు.

ఆడపిల్లల మాట మరిచిపోకూడదు. 2019 నుంచి భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షక పనుల్లో పగటి పూట స్త్రీలు పనిచేయడానికి అనుమతి వచ్చింది. మైనింగ్ డిప్లొమా అబ్బాయికే అనుకునే రోజులు పోయాయి. సింగరేణి సేవా సమితి కుట్టు, కంప్యూటర్ వంటి శిక్షణలు ఇస్తుంది. కార్మికుల కుటుంబాల్లోని ఆడపిల్లలు, గృహిణులు దాన్ని వాడుకోవచ్చు. చేరాలనుకునేవారు తమ ఏరియా జీఎం కార్యాలయంలో అడిగితే తర్వాతి బ్యాచ్ ఎప్పుడో చెబుతారు. వెళ్లేటప్పుడు ఆధార్, పదో తరగతి మెమో, తండ్రి గుర్తింపు కార్డు జిరాక్సులు తీసుకెళ్లాలి. మూడింటిలోనూ తండ్రి పేరు ఒకేలా ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని బయల్దేరండి.